చేతిలో ఏముందో చూడండి: చిత్తరువుల్లో వస్తువులు, కులం

మాలపల్లెల్లో, మాదిగవాడల్లో చాలా ఇళ్లల్లో గోడకు ఒక పటం ఉంటుంది. కొన్ని ఇళ్లల్లో అది ఏసుప్రభువు పటం పక్కన ఉంటుంది, కొన్నిట్లో చనిపోయిన నాయన ఫోటో పక్కన ఉంటుంది. నీలంకోటు, తెల్లచొక్కా, టై, జేబులో కలం, కళ్లజోడు, చేతిలో లావుపాటి పుస్తకం. కింద పేరు రాయకపోయినా చదువురాని ముసలమ్మ కూడా అది ఎవరి పటమో చెప్పేస్తుంది. పెయింటరు చెయ్యి తిరిగినవాడు కాక ముఖం పోలిక కుదరకపోయినా చెప్పేస్తుంది. ఆమె వస్తువుల్ని చూసి మనిషిని గుర్తుపడుతున్నది.

యూరప్ వర్తకుల, దొరల చిత్తరువుల్లో ఉన్న కొవ్వొత్తికీ, కుక్కకీ, నారింజపండుకీ అర్థం ఏమిటని కళాచరిత్రకారులు వందల పేజీలు రాశారు. మన గోడ మీది పటంలోని కోటునీ కలాన్నీ కూడా అంత శ్రద్ధగా చదవాలని మా వాదన. అలా చదవాలంటే ఒక ప్రశ్నతో మొదలుపెట్టాలి. ఈ వస్తువు పటంలోకి రాకముందు బతుకులో ఎవరి దగ్గర ఉండేది? ఎవరి దగ్గర ఉండకూడదని కట్టడి చేశారు? చిత్తరువులోని వస్తువుకు అర్థం రంగుల నుంచీ, కుంచె నుంచీ మాత్రమే రాదు. ఆ వస్తువు మీద సమాజం కొందరికిచ్చిన హక్కు నుంచీ, మరికొందరికి పెట్టిన నిషేధం నుంచీ వస్తుంది. ఈ మాటను నిలబెట్టడానికి మేం ముందు యూరప్ చిత్తరువుల దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి కంపెనీ కాలపు కులాల బొమ్మల మీదుగా మన పల్లెలకు వస్తాం.

ఆస్తిపరుల చిత్తరువులు

యాన్ వాన్ ఐక్ 1434లో గీసిన ఆర్నొల్ఫీని దంపతుల చిత్రం ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఆర్నొల్ఫీనిలు ఇటలీలోని లుక్కా నుంచి వచ్చి బ్రూజ్ నగరంలో వ్యాపారం చేసుకున్న కుటుంబం. పడకగదిలాంటి గదిలో ఇద్దరు నిలబడి ఉంటారు. పైన ఇత్తడి దీపాల గుత్తిలో ఒకే ఒక్క కొవ్వొత్తి వెలుగుతుంటుంది. కింద చిన్న బొచ్చుకుక్క, పక్కన విడిచిన చెక్కచెప్పులు, కిటికీ దగ్గర నారింజపండ్లు, వెనక గోడకు గుండ్రటి అద్దం. 1934లో ఎర్విన్ పనోఫ్‌స్కీ అనే పండితుడు వీటికి మతపరమైన అర్థాలు చెప్పాడు. కొవ్వొత్తి అంటే అన్నీ చూస్తున్న దేవుడు, కుక్క అంటే దాంపత్యంలో విశ్వాసం, చెప్పులు విడవడం అంటే అది పవిత్రస్థలం అని. తర్వాత వచ్చినవాళ్లు దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఉత్తర యూరప్‌లో నారింజపండ్లు ఖరీదైన దిగుమతి సరుకు గదా, అవి ఇంటాయన డబ్బును చాటుతున్నాయి అన్నారు. గుర్తులా, ఆస్తా అన్న వాదులాట ఇంకా తెగలేదు. మాకు మాత్రం ఈ రెండూ ఒకదానికొకటి అడ్డొస్తున్నట్టు కనబడదు. పవిత్రత కూడా ఆస్తిపరుడి ఇంట్లోనే కాపురం ఉంటుందని ఆ గది చెబుతున్నది.

హాన్స్ హోల్‌బైన్ 1533లో గీసిన 'రాయబారులు' కూడా అదే గ్యాలరీలో ఉంది. ఇద్దరు ఫ్రెంచి పెద్దమనుషులు, మధ్యలో రెండు అరల బల్ల. బల్ల మీద గ్లోబులు, సూర్యగడియారాలు, వర్తకుల లెక్కల పుస్తకం, తీగ తెగిన వాద్యం. కింద ఏటవాలుగా పక్కనుంచి చూస్తేనే తెలిసే పుర్రె. చావు ముందు అందరూ ఒకటేనని ఆ పుర్రె అర్థం అంటారు. సరే. కానీ చావుకు ముందు అందరూ ఒకటి కాదని ఆ గ్లోబూ, ఆ లెక్కల పుస్తకమూ చెబుతున్నాయి. భూగోళాన్ని కొలిచే పరికరాలు ఎవరి మోచేతి కింద ఉన్నాయో వాళ్లే ఆ భూగోళం మీద సరుకులనూ మనుషులనూ కొనడానికి బయల్దేరారు.

జాన్ బెర్జర్ 1972లో 'వేస్ ఆఫ్ సీయింగ్'లో ఈ విషయాన్ని సూటిగా చెప్పాడు. యూరప్ తైలవర్ణ చిత్రం ఆస్తి ఉన్నవాడు తన ఆస్తిని తానే చూసుకుని మురిసే పద్ధతి అన్నాడు. పట్టు మెత్తదనం, వెండి మెరుపు, బొచ్చు నునుపు చేత్తో తాకినట్టుగా గీయడంలో ఆ కళ నేర్పంతా ఉంది. బెర్జర్ వర్గం గురించి చెప్పిన ఈ మాట దగ్గర మనం ఆగిపోకూడదు. ఆ చిత్తరువుల్లో ఆస్తిగా గీసినవాటిల్లో మనుషులు కూడా ఉన్నారు.

వస్తువుల మధ్య మనిషి

పియెర్ మిన్యార్ 1682లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ ప్రియురాలు లూయీజ్ డ కెరువాల్ చిత్తరువు గీశాడు. ఆమె ఒక చెయ్యి ఒక నల్లపిల్ల భుజం మీద ఉంటుంది. ఆ పిల్ల మెడలో ముత్యాల పేట, ఒక చేతిలో ముత్యాలు నింపిన ఆల్చిప్ప, ఇంకో చేతిలో పగడపు కొమ్మ. దొరసానికి పేరుంది, బిరుదుంది. ఆ పిల్లను లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ నమోదు చేసింది 'పేరు తెలియని సేవకురాలు' అనే. ముత్యాలెక్కడివో, పగడమెక్కడిదో, పిల్లా అక్కడిదే. అన్నీ ఓడల్లో వచ్చినవే. ఆఫ్రికా మనుషుల్ని పట్టుకుని అమ్మే రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి 1672లో అధికారపత్రం ఇచ్చింది ఈ రెండవ చార్లెసే. పిల్ల చర్మం నలుపు దొరసాని చర్మం తెలుపును ఎత్తిచూపడానికి వాడుకున్నారు. ఆ కాలపు మరికొన్ని చిత్తరువుల్లో నల్లపిల్లల మెడలకు లోహపు పట్టీలుంటాయి. పెంపుడు కుక్క మెడకు కట్టేలాంటి పట్టీలే అవి. పిల్ల చేతిలో వస్తువుంది, కానీ ఆ వస్తువు పిల్లది కాదు. పిల్లా ఆ వస్తువూ కలిసి మూడో మనిషి ఆస్తి.

దీనికి ఎదురుగా ఇంకో మనిషి కథ ఉంది. స్పెయిన్ రాజాస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ దగ్గర హువాన్ డ పరేహా అనే బానిస ఉండేవాడు. రంగులు నూరడం, గుడ్డ బిగించడం లాంటి కార్ఖానా పనుల్లో ఉండేవాడు. 1650లో రోమ్‌లో ఉండగా వెలాస్కెజ్ ఇతని చిత్తరువు గీశాడు. లేసు కాలరుతో, తల ఎత్తి, చూసేవాడి కళ్లల్లోకి సూటిగా చూస్తుంటాడు పరేహా. చేతిలో ఏమీ లేదు. అదే సంవత్సరం నవంబరులో యజమాని విడుదల పత్రం రాసిచ్చాడు, అదీ నాలుగేళ్ల తర్వాత అమల్లోకి వచ్చే షరతు మీద. 1970లో ఈ చిత్రం లండన్ వేలంలో 23 లక్షల పౌండ్లకు పైగా పలికింది. అప్పటిదాకా ఏ చిత్రమూ వేలంలో అంత ధర పలకలేదు. ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఒకప్పుడు మనిషిని కొన్నారు, తర్వాత మనిషి పటాన్ని కొన్నారు.

పరేహా అక్కడితో ఆగలేదు. స్వతంత్రుడై తానే చిత్రకారుడయ్యాడు. 1661లో 'సెయింట్ మాథ్యూ పిలుపు' అనే పెద్ద చిత్రం గీశాడు. మాడ్రిడ్ ప్రాడో మ్యూజియంలో ఉందది. ఆ చిత్రంలో ఎడమ అంచున పరేహా తన రూపాన్ని తానే గీసుకున్నాడు. చేతిలో ఒక చిన్న కాగితం పట్టుకున్నాడు. దాని మీద అతని పేరుంది. యజమాని గీసినప్పుడు ఖాళీగా ఉన్న చేతిలోకి తాను గీసుకున్నప్పుడు కాగితం వచ్చింది, కాగితం మీదికి సంతకం వచ్చింది. అణగారిన మనిషి తన చిత్తరువు తాను గీసుకుంటే మొదట దేన్ని చేతిలోకి తీసుకుంటాడన్న ప్రశ్నకు ఇది ఒక జవాబు. ఈ కాగితాన్ని గుర్తుపెట్టుకుందాం, మళ్లీ పనికొస్తుంది.

పనిముట్టు చూపించి కులం చెప్పడం

ఆ చూపే ఓడలెక్కి మన దేశానికీ వచ్చింది. ఇక్కడి కులవ్యవస్థ దానికి తయారుగా ఎదురొచ్చింది. 18వ శతాబ్దం చివరి నుంచి తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతాల చిత్రకారులు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల కోసం కాగితం మీదా, అభ్రకం రేకుల మీదా కులాల బొమ్మలు గీశారు. ఒక్కో రేకు మీద ఒక భార్యాభర్తల జంట. కల్లుగీసేవాడి దగ్గర కత్తీ కుండా, కుమ్మరి దగ్గర కుండలు, తోలుపనివాడి చేతిలో చెప్పు. కింద కులం పేరు రాసి ఉంటుంది. మనిషి పేరు ఉండదు. దొరలు వీటిని ఆల్బముల్లో అతికించుకుని ఇంటికి పట్టుకుపోయారు. లండన్ మ్యూజియముల్లో ఈనాటికీ ఉన్నాయి.

చూడ్డానికి ఇవీ చిత్తరువుల్లాగే ఉంటాయి. నిలువెత్తు మనిషి, చేతిలో వస్తువు. తేడా ఎక్కడుందంటే, ఆర్నొల్ఫీని తన చిత్తరువులో ఏ వస్తువులుండాలో తాను ఎంచుకోగలిగినవాడు. కులాల బొమ్మలో తోలుపనివాడి చేతిలోని చెప్పు అతను ఎంచుకున్నది కాదు. 'వీడు ఇదే' అని చెప్పడానికి పెట్టినది. వస్తువు మనిషి గురించి ఏదో అదనంగా చెప్పడం లేదు, మనిషినే చెరిపేసి అతని స్థానంలో నిలబడుతున్నది.

ఫోటో వచ్చాక కూడా ఈ పద్ధతి మారలేదు. 1868–75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వచ్చిన 'పీపుల్ ఆఫ్ ఇండియా'లోనూ, మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వేసిన 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా'లోనూ మనుషులు నమూనాలుగా నిలబడ్డారు. మాల, మాదిగ అన్న మాటలు ఆ పుస్తకాల్లో అక్షరక్రమంలో వస్తాయి. చరిత్రలో మన పూర్వీకుల బొమ్మల్లేవని అనుకుంటాం గానీ, బొమ్మలున్నాయి. చిత్తరువులు లేవు.

నిషేధాల జాబితా చదివితే

ఇప్పుడు చిత్రశాల వదిలి ఊళ్లోకి వద్దాం. అంబేద్కర్ 1936లో అచ్చువేసిన 'కులనిర్మూలన'లో పీష్వాల పాలనలోని పూనా గురించి రాశాడు. అంటరానివాడు ఉమ్మి నేల మీద పడకుండా మెడలో ముంత వేలాడదీసుకోవాలి, తన అడుగుజాడలు తానే ఊడ్చుకుపోయేలా నడుముకు చీపురు కట్టుకోవాలి. మూతికి ముంత, నడుముకు తాటాకు అని మన తెలుగునేల మీద ఉద్యమకారులు చెప్పే మాట ఈ చరిత్రదే. అంటే కులం మనకు కూడా రెండు వస్తువులిచ్చింది. రాజుకు కిరీటం ఎలా గుర్తో, మనకు ముంతా చీపురూ అలా గుర్తులు.

ఇచ్చిన వస్తువులు రెండే. లాక్కున్నవి ఎన్నో. అదే పుస్తకంలో ఇండోర్ జిల్లా బలాయీల మీద 1928లో ఊరిపెద్దలు పెట్టిన కట్టడులున్నాయి. జరీ అంచు తలపాగా కట్టకూడదు, రంగు అంచు పంచె కట్టకూడదు, ఆడవాళ్లు వెండి బంగారాలు పెట్టకూడదు. 1935 నవంబరులో అహ్మదాబాద్ జిల్లా జానూ గ్రామంలో కాస్త కలిగిన దళిత స్త్రీలు మట్టికుండలు మాని లోహపు బిందెలతో నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. అది తమకు అవమానమని సవర్ణులు వాళ్లను కొట్టారు.

1931 జనాభా లెక్కల కమిషనర్ హట్టన్ తన 'క్యాస్ట్ ఇన్ ఇండియా'లో రామనాథపురం జిల్లా సంగతి నమోదు చేశాడు. 1930 డిసెంబరులో అక్కడి కళ్లర్లు ఆదిద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు పెట్టారు. నగలు పెట్టకూడదు. మగవాళ్ల బట్ట మోకాలి కిందికి, నడుము పైకి రాకూడదు. కోటు, చొక్కా, బనియను తొడగకూడదు. జుట్టు కత్తిరించుకోకూడదు. ఇంట్లో మట్టిపాత్రలు తప్ప వాడకూడదు. ఆడవాళ్లు రొమ్ము కప్పుకోకూడదు. పూలు, పసుపు ముట్టకూడదు. గొడుగు పట్టకూడదు, చెప్పులు తొడగకూడదు. మాట వినని వాళ్ల గుడిసెలు తగలబెట్టారు. మర్సటి ఏడాది పెట్టిన కొత్త నిషేధాల్లో పిల్లలు చదువుకోకూడదన్నది కూడా చేరింది.

ఈ జాబితాను పక్కన పెట్టుకుని లండన్‌లోని చిత్తరువుల్ని మళ్లీ చూడండి. నగలు, నిండుబట్ట, కోటు, లోహపు పాత్ర, చెప్పులు, పుస్తకం. దొరల చిత్తరువుల్లో గౌరవానికి గుర్తులుగా గీసిన వస్తువులన్నీ ఇక్కడ నిషేధాలుగా వరసకట్టాయి. చిత్రకారుడికి తెలిసిన రహస్యం కళ్లర్ పెద్దలకూ తెలుసు. మనిషి ఎవరో వస్తువులు చెబుతాయి, కాబట్టి మనిషిని మారనివ్వకూడదనుకుంటే వస్తువుల్ని ముట్టనివ్వకూడదు.

మన తెలుగు పల్లెల్లో ఈ జాబితాను కాగితం మీద పెట్టాల్సిన అవసరం కూడా రాలేదు. పెద్దకులాల బజారులోకి రాగానే చెప్పులు చేత్తో పట్టుకోవడం, సైకిలు దిగి నడిపించుకుపోవడం, గొడుగు ముడవడం, తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకోవడం మన తాతలకు నడకతో పాటే నేర్పారు. టీహోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టారు. 1985 జూలై 16న కారంచేడులో మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గర కుడితి బకెట్ల గొడవ వచ్చింది. తప్పని అడిగిన మాదిగ కుర్రాణ్ని కొడుతుంటే, నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడింది. తన మీదికొస్తే చేతిలో ఉన్న బిందె ఎత్తింది. మర్నాడు కమ్మ భూస్వాముల దాడిలో ఆరుగురు మాదిగల్ని చంపారు. జానూలో బిందె నెత్తికెత్తుకున్నందుకు కొట్టి సరిగ్గా యాభై ఏళ్లు. కారంచేడులో బిందె చేతికెత్తినందుకు చంపారు.

గోనెపట్టా నుంచి కోటు దాకా

అంబేద్కర్ తన చిన్ననాటి సంగతుల్లో ఒక వస్తువు గురించి రాసుకున్నాడు. బడిలో మిగతా పిల్లల మధ్య కూర్చోనివ్వరు కాబట్టి ఇంటి నుంచి ఒక గోనెపట్టా తెచ్చుకుని దూరంగా వేసుకుని కూర్చునేవాడు. ఆ పట్టాను బడి ఊడ్చే నౌకరు కూడా ముట్టుకోడు గనక సాయంత్రం మళ్లీ ఇంటికి మోసుకుపోవాలి. కొళాయి తిప్పే హక్కు కూడా లేదు. బంట్రోతు వచ్చి తిప్పితేనే నీళ్లు. ఆ పిల్లవాడు 1913లో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లి, లండన్‌లో 1923 నాటికి డి.ఎస్.సి. పట్టా పొంది, బారిస్టరయ్యాడు. కోటు వేసుకున్నాడు గదా అని కులం వదిలిందా? 1917లో బరోడాలో ఉద్యోగానికి వెళ్తే బస దొరకలేదు. పార్శీ సత్రంలో దిగితే పదిపన్నెండుమంది కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. కోటు కులాన్ని దాచలేదు. ఆయన దాచుకోవడానికి వేసుకోనూ లేదు. నడుము పైకి బట్ట రాకూడదన్న దేశంలో మెడదాకా గుండీలు పెట్టుకుని నిలబడటమే ఒక ప్రకటన.

కొందరు మేధావులు 'ఇది దొరల అనుకరణ గదా, దేశీ సంస్కృతి ఎక్కడ' అని అడుగుతుంటారు. వాళ్లు గాంధీ బొమ్మను పక్కన పెడతారు. 1921లో మధురైలో గాంధీ చొక్కా, టోపీ వదిలి కొల్లాయి కట్టాడు. 1946లో మార్గరెట్ బూర్క్‌వైట్ తీసిన ఫోటోలో రాట్నం ముందుంది, గాంధీ వెనకున్నాడు. ఆ రాట్నం ఒక గొప్ప రాజకీయ గుర్తు, కాదనం. కానీ చొక్కా ఉన్నవాడే చొక్కాను త్యాగం చెయ్యగలడు. రామనాథపురం ఆదిద్రావిడుడు చొక్కా విప్పితే దాన్ని ఎవరూ త్యాగం అనరు, వాడు బుద్ధిగా ఉన్నాడంటారు. ఒకే బట్ట రెండు ఒంటిమీద రెండు అర్థాలిస్తుంది. అందుకే చిత్తరువులో వస్తువు అర్థాన్ని నిఘంటువులో వెతికితే దొరకదు, కులంలో వెతకాలి.

ఇంకో విషయం గమనించాలి. అంబేద్కర్ ఫోటోలు రకరకాలుగా ఉన్నాయి. ఇంట్లో మామూలు బట్టల్లో ఉన్నవున్నాయి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిననాటి తెల్లబట్టల ఫోటోలున్నాయి. వీటన్నిట్లోంచి జనం కోటునూ, కలాన్నీ, పుస్తకాన్నీ ఎంచుకున్నారు. నలుపుతెలుపు ఫోటోల్లో కోటు రంగు తెలియదు. దానికి నీలం వేసింది ఉద్యమం. 1942లో పుట్టిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా నీలం. ఫోటో మీద గళ్లు గీసి, ఆ గళ్లను గోడ మీద పెద్దవి చేసుకుని, చందాలతో కొన్న రంగుతో గీసిన సైన్‌బోర్డు పెయింటర్లు ఈ చిత్తరువుకు అసలు కర్తలు. రాజుల చిత్తరువుల్ని రాజులు గీయించుకున్నారు. ఈ చిత్తరువును కూలినాలి చేసుకునే జనం గీయించుకున్నారు. అందులో నాయకుడి పోలిక ఎంతుందో, తమ పిల్లల చేతిలో ఏముండాలన్న కోరిక కూడా అంతే ఉంది. కులాల బొమ్మలో పనిముట్టు పెట్టిన చేతిలో జనం పుస్తకం పెట్టారు. పరేహా కాగితం దగ్గర మేం చెప్పింది ఇదే.

చెప్పు, డప్పు

శత్రువు కూడా ఈ భాష తెలిసినవాడే. 1997 జూలై 11న ముంబై రమాబాయి నగర్‌లో తెల్లవారేసరికి అంబేద్కర్ విగ్రహం మెడలో చెప్పులదండ ఉంది. నిరసన తెలిపిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి పదిమందిని చంపారు. ఆ దండ వేసినవాడు మెడలో ముంతనే మళ్లీ కట్టాననుకున్నాడు.

కానీ చెప్పు అవమానానికి గుర్తు ఎట్లా అయింది? లంద దగ్గర తోలు నానబెట్టి, రంపెతో కోసి, ఆరెతో కుట్టి ఊరందరి కాళ్లు కాపాడింది మాదిగ చెయ్యి. ఆ పనితనాన్ని వాడుకుని, పనిచేసిన చేతిని అంటరానిదన్నారు. ఇక్కడ మన ఉద్యమంలోనే రెండు దారులు కనబడతాయి. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డును మొయ్యడం మానండి, ఆ మాంసం తినడం మానండి అన్నాడు. కులం అంటగట్టిన వస్తువును కిందపెట్టడం ఒక దారి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా డప్పును నెత్తినపెట్టుకుంది. పేరు చివర మాదిగ అని రాసుకోమంది. చావుకూ, చాటింపుకూ కొట్టమన్న డప్పును తన మాట చెప్పుకోవడానికి కొట్టింది. అంటగట్టిన వస్తువుకే అర్థం తిరగరాయడం రెండో దారి. నాగపూర్ నుంచి వచ్చిన చిత్రకారుడు సవి సావర్కర్ మెడలో ముంత కట్టిన మనిషిని మళ్లీ మళ్లీ గీశాడు. ఆ ముంతను చూసి తలదించుకోవాల్సింది ఎవరో ఆ బొమ్మలు చెబుతాయి.

ఈ రెండు దారుల మధ్య ఏది సరైనదని తీర్పు చెప్పడం మా పని కాదు. అయితే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. వస్తువును పట్టుకోమని ఎవరు చెబుతున్నారు? మాదిగ పిల్లవాడు తనంతట తాను డప్పు పట్టుకుంటే అది చిత్తరువు. ప్రభుత్వ ఉత్సవంలో మంత్రిగారి ముందు నడుస్తూ కొట్టమంటే అది మళ్లీ కులాల బొమ్మ.

ఏ పుస్తకం?

1967లో పార్లమెంటు ఆవరణలో అంబేద్కర్ విగ్రహం వచ్చింది. 1990లో సెంట్రల్ హాలులో చిత్తరువు పెట్టారు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో 125 అడుగుల విగ్రహం, 2024 జనవరి 19న విజయవాడలో 81 అడుగుల పీఠం మీద మరో 125 అడుగుల విగ్రహం లేచాయి. కష్టపడి తెచ్చుకున్న గౌరవం ఇది, చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. కానీ పెయింటరు చేతి నుంచి ప్రభుత్వం చేతికి పోయినప్పుడు చిత్తరువుకు ఏమవుతుందో చూసుకోవాలి. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ బదాయూఁ జిల్లాలో ధ్వంసమైన విగ్రహం స్థానంలో కాషాయరంగు షేర్వాణీ తొడిగిన విగ్రహం పెట్టారు. గొడవయ్యాక మళ్లీ నీలం వేశారు. బట్ట మార్చి మనిషిని మార్చే ప్రయత్నం అది. అది బయటికి కనబడింది కాబట్టి అడ్డుకున్నాం.

కనబడకుండా జరిగే మార్పు పుస్తకంలో ఉంది. ఆ చేతిలోది రాజ్యాంగమని అందరం అనేసుకున్నాం. చాలా పటాల్లో అట్ట మీద ఆ పేరే రాస్తారు. రాజ్యాంగం మన రక్షణకవచం, నిజమే. కానీ ఆయన రాసిన పుస్తకం అదొక్కటేనా? 'కులనిర్మూలన' ఏమైంది? చనిపోయాక 1957లో వెలువడిన 'బుద్ధుడు–అతని ధమ్మం' ఏమైంది? 1927 డిసెంబరు 25న మహద్‌లో ఆయన సమక్షంలో కాలిన మనుస్మృతి ఏ పటంలో కనబడుతున్నది? రాజ్యాంగం గురించి కూడా ఆయన మాట ఒకటుంది. 1953 సెప్టెంబరు 2న రాజ్యసభలో ఆంధ్రరాష్ట్ర బిల్లు మీద చర్చలో, అల్పసంఖ్యాకులను కాపాడలేకపోతే దాన్ని తగలబెట్టేవాళ్లలో తానే ముందుంటానన్నాడు. మన రాష్ట్రం పుట్టుక చర్చలోనే ఆ మాట వచ్చింది. మూసిన పుస్తకం పట్టుకున్న అంబేద్కర్ పాలకులకు ఇబ్బంది కాదు. ఏ పేజీ తెరిచాడని అడిగితేనే ఇబ్బంది.

ఇంకో లోటు కూడా ఉంది. మన పటాల్లో ఆడవాళ్ల చేతిలో ఏముంది? 1848లో పూనాలో ఆడపిల్లల బడి నడిపిన సావిత్రీబాయి ఫూలే చేతిలో ఇప్పుడు పుస్తకం గీస్తున్నారు, సంతోషం. రమాబాయి మాత్రం ఎక్కువగా భర్త పక్కన నిలబడే ఉంటుంది. బిందె ఎత్తిన సువార్తను ఎన్ని గోడల మీద గీసుకున్నాం? సువార్త లేకుండా కారంచేడు లేదు, కారంచేడు లేకుండా దళిత మహాసభ లేదు. ఆ బిందె లేకుండా మన చిత్తరువుల చరిత్ర సగమే.

చివరగా విద్యార్థులకూ, పంతుళ్లకూ, కార్యకర్తలకూ మేం ఒక పని ప్రతిపాదిస్తున్నాం. మ్యూజియముల్లోని చిత్తరువులకు జాబితాలున్నాయి, మన వాడల్లోని పటాలకు లేవు. వర్షానికి గోడబొమ్మలు పోతున్నాయి, ఇళ్లు పడగొట్టి కట్టుకునేటప్పుడు పాత పటాలు పోతున్నాయి, వాటిని గీసిన పెయింటర్లు ముసలివాళ్లవుతున్నారు. మీ ఊరి పటాన్ని ఫోటో తియ్యండి. ఎవరు గీశారు, ఏ ఏడు గీశారు, చందా ఎవరిచ్చారు, పెట్టేటప్పుడు ఎవరు అడ్డుపడ్డారు అని అడిగి రాసుకోండి. పుస్తకం అట్ట మీద ఏం రాసి ఉందో చూడండి. ఆ ఇంటి పెద్దల్ని ఇంకొక ప్రశ్న అడగండి: మీ చిన్నతనంలో పెద్దబజారులో నడిచేటప్పుడు ఏయే వస్తువులు దాచుకునేవాళ్లు? ఆ రెండు జవాబులూ పక్కపక్కనే రాయండి.